బంగారు నాణేలు కొంటూ దీర్ఘకాలపు పొదుపు చెడగొట్టుకోకుండా ఉండటం: తిరుపతి, చిత్తూరు వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

లెక్క సులువుగా ఉండాలని ఈ పేజీ అంతటా 24 క్యారెట్ల గ్రాము ధర 10,000 రూపాయలుగా పెట్టుకున్నాం. ఇది ఏ రోజు ధరా కాదు. మీరు కొనే రోజు బోర్డు రేటు పెట్టి ఇదే లెక్క మళ్లీ వేసుకోండి.

నెలాఖరుకు కొంచెం మిగులుతోంది. నాణేలు కొనాలా, ఎస్ఐపీ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కొంత వేయడం) మొదలుపెట్టాలా?

వరుస తప్పకపోతే రెండూ కుదురుతాయి. ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో పక్కన ఉండాలి. ఇంటికి సంపాదించేవారి పేర టర్మ్ పాలసీ (జీవిత బీమా), అందరికీ ఆరోగ్య బీమా ఉండాలి. క్రెడిట్ కార్డు బాకీ, చేబదులు, వడ్డీ అప్పు ఉంటే అవి తీరాలి. నూటికి రెండు రూపాయల నెల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం; ఏ నాణెమూ ఏటా అంత పెరుగుతుందని నమ్మి కూర్చోలేం.

ఇవి అయ్యాక దీర్ఘకాలపు పొదుపు. జీతం పడిన రెండు మూడు రోజుల్లోనే అది ఖాతా నుంచి దానంతట అదే వెళ్లిపోవాలి. నాణేలకు మిగిలిన దాంట్లోంచే. నెలకు 12,000 దాచగల కుటుంబాన్ని తీసుకుంటే, 6,000 షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్ ఎస్ఐపీకి, 3,000 ప్రభుత్వ దీర్ఘకాలపు పొదుపు ఖాతా అయిన పీపీఎఫ్‌కు, 1,500 స్టాక్ ఎక్స్చేంజీలో యూనిట్లుగా కొనే గోల్డ్ ఈటీఎఫ్‌కు, మిగిలిన 1,500 నాణేల కోసం వేరే రికరింగ్ డిపాజిట్‌కు పంచవచ్చు. ఆ 1,500తో ఏడాదికి 18,000 అవుతుంది. మన లెక్క ధరలో రెండు గ్రాములు కూడా రాదు. ఒక సవరన్ కాసు (దాదాపు 8 గ్రాముల 22 క్యారెట్ల నాణెం) కావాలంటే నాలుగేళ్లకు పైనే ఆగాలి. చాలామందికి ఇది నచ్చదు. కానీ నాణేల సరదా ఇంతకంటే వేగంగా నడిస్తే, ఆ వేగం ఎస్ఐపీ ఆపిన డబ్బుతో వచ్చిందే అయి ఉంటుంది.

పీపీఎఫ్‌లో నెలనెలా వేసేవారు 5వ తేదీలోపు వేయాలి. నెలలో 5వ తేదీ నుంచి ఆఖరి రోజు వరకు ఉన్న కనీస నిల్వ మీదే వడ్డీ లెక్కిస్తారు. 6న వేస్తే ఆ మొత్తానికి ఆ నెల వడ్డీ పోయినట్టే.

మొత్తం ఆస్తిలో బంగారం ఎంత ఉండాలి? ఇంట్లో నగలు కూడా కలపాలా?

ఇల్లు, పొలం తీసేసి మిగిలిన ఆర్థిక ఆస్తిలో 10 నుంచి 15 శాతం చాలు అనేది మా అభిప్రాయం. నగలను ఈ లెక్కలో కలపకండి. అవసరానికి కుదువ పెట్టుకోవడానికి తప్ప, ఆడవాళ్ల ఒంటి మీది నగ అమ్మి రిటైర్మెంట్ ఖర్చు నడుపుకునే ఇల్లు మన వైపు అరుదు. అమ్మబుద్ధి కాని బంగారం పెట్టుబడి కిందకు రాదు. అయితే ఇంట్లో నగలే అరకిలో ఉన్నవారు మళ్లీ 15 శాతం కొత్త బంగారం కోసం పరుగెత్తనక్కర్లేదు, 5 శాతంతో ఆగవచ్చు.

నాణేలకు రెండు ఖాతాల పుస్తకం పెట్టుకోండి. మొదటి ఖాతాలో ప్రతి నాణెంలోని మేలిమి బంగారం బరువు, ఆ రోజు ధర. ఇది ఆస్తి. రెండో ఖాతాలో బంగారం విలువకు పైన మీరు పెట్టిన అదనం: మేకింగ్ చార్జీ, జీఎస్టీ, పాత నాణెమైతే అరుదైనదని ఇచ్చిన ఎక్కువ ధర. దీన్ని ఖర్చుగానే రాసుకోండి. రేపు అమ్మితే అది తిరిగొస్తే సంతోషం, రాకపోతే మీ పొదుపుకు చిల్లు పడదు. ఈ రెండూ ఒకే అంకెలో కలిపి చూసుకోవడం వల్లే సేకరణ చేసేవారు తమ దగ్గర ఉన్నదానికంటే ఎక్కువ ఉందనుకుంటారు.

నెలనెలా ఒక గ్రాము కొనడం మంచిదా, డబ్బు కూడబెట్టి ఒకేసారి 10 గ్రాములు కొనడం మంచిదా?

లెక్క చూడండి. ఒక గ్రాము నాణేనికి మేకింగ్ 400 అనుకుంటే 10,400, మీద 3 శాతం జీఎస్టీ 312, మొత్తం 10,712. తిరిగి అమ్మితే దుకాణం 2 శాతం తగ్గించి 9,800 ఇస్తుందనుకుందాం. అంటే ధర 9.3 శాతం పెరిగితే తప్ప పెట్టిన డబ్బు తిరిగి రాదు.

10 గ్రాముల నాణేనికి మేకింగ్ 2 శాతం అనుకుంటే 1,02,000, జీఎస్టీతో 1,05,060. అమ్మితే 98,000. ఇక్కడ 7.2 శాతం పెరిగితే చాలు.

తేడా 2 శాతమే కదా అనిపిస్తుంది. చిన్న నాణేలకు అసలు దెబ్బ వేరేచోట తగులుతుంది. అర గ్రాము, ఒక గ్రాము నాణేలకు కొన్ని దుకాణాల్లో మేకింగ్ 8, 10 శాతం దాకా వేస్తారు. అప్పుడు కొన్న మరుక్షణం 13 శాతం లోటులో ఉంటారు. అందుకే నెలనెలా బంగారం చేరాలంటే ఈటీఎఫ్‌లో చేర్చండి, నాణెం ఏడాదికో రెండేళ్లకో ఒకసారి పెద్దది కొనండి. మొత్తం బంగారాన్ని ఒకే పెద్ద బిళ్లగా పెట్టుకోకండి. 20,000 అవసరమైతే 20 గ్రాముల బిళ్లలో ముక్క కోసి అమ్మలేరు. సగం 10 గ్రాములవి, మిగతావి 5, 2 గ్రాములవి ఉంటే చేతికి వీలుగా ఉంటుంది.

999, 995, 916 అని రాస్తారు. ఏది కొనాలి?

దాచుకోవడానికి 999 లేదా 995. మొదటిదాంట్లో వెయ్యికి 999 పాళ్లు బంగారం, రెండోదాంట్లో 995; 10 గ్రాముల మీద తేడా 0.04 గ్రాములే. కాకపోతే 995 నాణేన్ని 999 ధరకు కొనకండి. 916 అంటే 22 క్యారెట్లు. రేపు నగ చేయించే ఉద్దేశం ఉన్నా సరే 24 క్యారెట్లే కొని, అప్పుడు మార్చుకోవడమే లెక్క సులువు.

సీల్ చేసిన కార్డు మీద రిఫైనరీ పేరు, శుద్ధత, బరువు, సీరియల్ నంబరు ఉంటాయి. ఆ నంబరు బిల్లు మీద కూడా రాయించుకోండి. కార్డు చింపి నాణెం బయటకు తీస్తే చాలాచోట్ల మళ్లీ పరీక్ష చేయాలంటారు, ధర తగ్గిస్తారు. కేంద్రం 2015 నవంబరులో తెచ్చిన ఇండియన్ గోల్డ్ కాయిన్ ఒకవైపు అశోకచక్రం, మరోవైపు గాంధీ బొమ్మతో ఉంటుంది. అది 999 శుద్ధతది. నగలైతే బీఐఎస్ హాల్‌మార్క్ గుర్తు, శుద్ధత, ఒక్కో నగకు వేరుగా ఉండే, అక్షరాలు అంకెలు కలిపి ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొట్టి సరిచూసుకోవచ్చు.

తిరుమలలో శ్రీవారి బంగారు డాలర్ కొంటే అది పెట్టుబడి అవుతుందా?

బంగారం బంగారమే, బరువుకు విలువ ఉంటుంది. కానీ స్వామివారి రూపం ఉన్న డాలర్‌ను కరిగించడానికి ఇవ్వడానికి చాలామందికి చేయి రాదు. పూజగదిలో ఉండే డాలర్, మొక్కు కోసం ముడుపు కట్టిన నాణెం, హుండీలో వేద్దామని తీసిపెట్టిన కాసు, ఈ మూడింటినీ రెండు ఖాతాల్లో దేంట్లోనూ రాయకండి. బిల్లు మాత్రం దాచండి. పిల్లల చేతికి వెళ్లినప్పుడు శుద్ధత ఎంతో వాళ్లకు తెలియాలి.

ఒక చిన్న జాగ్రత్త. వరలక్ష్మీ వ్రతానికి, ధన త్రయోదశికి నాణెం కలశం ముందు పెట్టేవారు ఏటా ఒకే నాణెం వాడండి. మేలిమి బంగారం మెత్తన. పసుపు కుంకుమలు అంటిన నాణేన్ని బట్టతో రుద్దితే సన్నని గీతలు పడతాయి, ముద్ర అంచులు అరుగుతాయి. గోరువెచ్చని నీళ్లలో ముంచి, మెత్తని బట్ట మీద పెట్టి అద్దాలి తప్ప రుద్దకూడదు.

బ్యాంకులో కొనాలా, గాంధీ రోడ్డులో దుకాణంలో కొనాలా?

బ్యాంకులు నాణేలు అమ్ముతాయి, తిరిగి కొనవు. ఈ ఒక్క సంగతి తెలియక బ్యాంకు నాణెమే భద్రమని ఎక్కువ ధరకు కొంటారు. దుకాణంలో కొంటే అదే దుకాణానికి తిరిగి ఇచ్చే వీలుంటుంది. కొనేముందు మూడు అడగండి: బోర్డు రేటు మీద ఈ నాణేనికి మేకింగ్ ఎంత, తిరిగి ఇస్తే డబ్బు ఇస్తారా లేక నగకే మార్చుకోవాలా, తగ్గింపు ఎంత. రెండోదానికి జవాబు సరిగా రాకపోతే పక్క దుకాణం చూడండి. డబ్బు ఇవ్వకుండా నగ మాత్రమే తీసుకోమంటే, నగ తరుగు, మజూరీలతో మీ 24 క్యారెట్ల నాణెం విలువలో మంచి భాగం అక్కడే దిగిపోతుంది.

వేలూరు, చెన్నై, బెంగళూరు, ప్రొద్దుటూరు వెళ్లి కొంటే తక్కువని నమ్మేవారు మన జిల్లాల్లో చాలామంది. జీఎస్టీ దేశమంతా 3 శాతమే. బోర్డు రేటులో వచ్చే స్వల్ప తేడా, ఒకటి రెండు నాణేలకైతే బస్సు చార్జీకే సరిపోతుంది. పెళ్లి నగల మజూరీ తేడా కోసం వెళ్లడం వేరే సంగతి.

రెండు లక్షలు దాటి కొంటే పాన్ ఇవ్వాలి. రెండు లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడం దుకాణదారుకే నిషిద్ధం. బిల్లు లేకుండా 3 శాతం మిగులుతుందని చెప్పేవారి దగ్గర కొంటే, అమ్మే రోజు కొన్న ధర నిరూపించలేక అంతకంటే ఎక్కువ పన్ను కట్టాల్సి రావచ్చు.

నగల దుకాణం 11 నెలల స్కీం, చీటీ... వీటితో నాణేలు కొనవచ్చా?

స్కీం 11 నెలలే ఉండటానికి కారణం చట్టం. సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సుకు 365 రోజుల్లోపు సరుకు ఇవ్వకపోతే కంపెనీల చట్టం కింద అది డిపాజిట్ అయిపోతుంది. స్కీంలో లాభం సాధారణంగా మజూరీలో రాయితీ రూపంలో ఉంటుంది, అందుకే చాలా స్కీంలు నాణేలకు వర్తించవు. కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. ఇంకోటి, మీరు కట్టే నెలసరి డబ్బుకు బ్యాంకు డిపాజిట్‌కు ఉండే 5 లక్షల బీమా లాంటిది ఏదీ లేదు. దుకాణం మూతపడితే వరుసలో నిలబడాల్సిందే.

చీటీ అయితే 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైనదో కాదో ముందు చూసుకోండి. నిర్వాహకుడి కమీషన్ 7 శాతం దాటకూడదు. పాట పాడి ముందే ఎత్తుకుని నాణేలు కొనడం మాత్రం వద్దు. పాటలో వదులుకున్న మొత్తం మీరు కట్టే వడ్డీయే. అప్పు చేసి బంగారం కొన్నట్టవుతుంది.

ఈటీఎఫ్, గోల్డ్ బాండ్, డిజిటల్ గోల్డ్‌లలో నాణెం పక్కన ఏది పెట్టుకోవచ్చు?

సావరిన్ గోల్డ్ బాండ్లు (బంగారం ధరకు ముడిపెట్టి ప్రభుత్వం ఇచ్చిన పత్రాలు) 2015 నవంబరులో మొదలయ్యాయి. ఎనిమిదేళ్ల గడువు, చివరి విడతల్లో 2.5 శాతం వడ్డీ. ఆఖరి విడత 2024 ఫిబ్రవరిలో వచ్చింది. చేతిలో ఉన్నవారు గడువు దాకా ఉంచుకోవడమే మేలు. ఇప్పుడు స్టాక్ ఎక్స్చేంజీలో ఇతరుల దగ్గర కొనేవారు రెండు చూడాలి: బంగారం ధర కంటే ఎంత ఎక్కువకు వస్తోంది, అలా కొన్నవారికి గడువు తీరాక పన్ను మినహాయింపు ఆ ఏడాది నిబంధనల ప్రకారం ఉందా లేదా.

గోల్డ్ ఈటీఎఫ్‌కు డీమ్యాట్ ఖాతా (షేర్లు, యూనిట్లు ఉంచే ఖాతా) కావాలి. మేకింగ్ లేదు, లాకరు లేదు. ఫండ్ ఖర్చు ఏడాదికి అర శాతం అటూ ఇటూ. ఆర్డరు పెట్టేటప్పుడు ఆ నిమిషపు ఐఎన్ఏవీ (యూనిట్‌లోని బంగారం అసలు విలువ) చూసి దాని దగ్గరలోనే లిమిట్ ఆర్డరు (మీరు చెప్పిన ధర దాటి కొననిది) పెట్టండి, గిరాకీ ఎక్కువైన రోజుల్లో ధర దాన్ని దాటి పోతుంది.

యాప్‌లలో పది రూపాయలకు అమ్మే డిజిటల్ గోల్డ్ తన నియంత్రణ పరిధిలో లేదని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025 నవంబరులో హెచ్చరించింది. కొనేటప్పుడు 3 శాతం జీఎస్టీ, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా కూడా ఉంటాయి. దాన్ని పక్కన పెట్టేయవచ్చు.

తాతల కాలం నాటి రాజు బొమ్మ సవరన్లు ఉన్నాయి. వాటికి బంగారం ధర కంటే ఎక్కువ వస్తుందా?

వచ్చేవీ ఉన్నాయి, రానివే ఎక్కువ. సవరన్ బరువు 7.988 గ్రాములు, 22 క్యారెట్లు, అందులో మేలిమి బంగారం 7.32 గ్రాములు. మన దుకాణాల్లో సవరన్ అంటే 8 గ్రాముల తూకం అని వాడుక. అసలు కాసు తూకంలో అంతకంటే రవ్వంత తక్కువే ఉంటుంది. మన లెక్క ధరలో దాని బంగారం విలువ 73,200.

ఎక్కువ ధర వచ్చేది సంవత్సరం, టంకశాల, స్థితి, ఈ మూడింటిని బట్టి. ఐదో జార్జి కాసు వెనక గుర్రం మీద సెయింట్ జార్జి బొమ్మ ఉంటుంది. గుర్రం కింది నేల గీత మీద, సంవత్సరం అంకెలకు సరిగ్గా పైన, పది రెట్ల భూతద్దంతో చూడండి. ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం ఉంటే బొంబాయి టంకశాలది; ఆ కాలంలో అక్కడ సవరన్లు ముద్రించింది 1918లో మాత్రమే. ఏ అక్షరమూ లేకపోతే లండన్. ‘ఎస్’, ‘ఎం’, ‘పి’ ఉంటే ఆస్ట్రేలియా టంకశాలలవి. అయితే ‘ఐ’ కనబడగానే సంబరపడకండి. 2013 నుంచి ఎంఎంటీసీ పాంప్ అనే సంస్థ మన దేశంలో ముద్రించిన కొత్త సవరన్ల మీద కూడా అదే అక్షరం ఉంది, సంవత్సరం చూడాలి. 1918లోనే బొంబాయిలో 15 రూపాయల బంగారు మొహరు కూడా అదే బరువుతో వచ్చింది. అది ఉన్నవారు తూకానికి అమ్మొద్దు.

తర్వాత అంచు చూడండి. కాసులపేరులో వేయించినవైతే పైభాగంలో కొక్కెం అతికిన చోట టంకం మరక, అంచు గాట్లు అరిగిన జాడ కనిపిస్తాయి. కొక్కెం తీసి సాపు చేసినా ఆ చోట మెరుపు వేరుగా ఉంటుంది. ఇలాంటి కాసుకు సేకరణ ధర రాదు, బంగారం ధరే. మెరుగు పెట్టించినవాటికీ అదే గతి. పాత నాణెం నల్లబడిందని ఆచారి దగ్గర ఆసిడ్‌లో వేయించి తళతళలాడేలా చేయిస్తే, వందేళ్లలో ఏర్పడిన పైపొర పోతుంది. కొనే సేకర్తకు ఆ పైపొరే సాక్ష్యం.

బంగారం సరిగ్గానే ఉండి ముద్ర మాత్రం నకిలీ అయిన సవరన్లు కూడా తిరుగుతున్నాయి. వీటిని శుద్ధత చూపే క్యారెట్ మీటరు పట్టలేదు. అక్షరాల అంచులు మొద్దుగా ఉండటం, ఖాళీ భాగంలో చిన్న చిన్న గుంతలు, అంచు గాట్లు సమంగా లేకపోవడం గుర్తులు. మీ మొదటి ఖాతాకు వీటివల్ల నష్టం లేదు. అదనం పెట్టి కొన్నవారికి రెండో ఖాతా మొత్తం పోతుంది.

విజయనగరం వరహాలు సేకరించాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?

తిరుపతి, చంద్రగిరి ప్రాంతం వారికి ఈ ఆశ సహజం. వరహా బరువు సుమారు 3.4 గ్రాములు, అర వరహా 1.7, పణం మరీ చిన్నది, గ్రాములో మూడో వంతు. చంద్రగిరిని రాజధాని చేసుకున్న వేంకటపతి రాయల వరహాల మీద తోరణం కింద నిలబడ్డ వేంకటేశ్వరుడు, వెనక నాగరి లిపిలో ‘శ్రీ వేంకటేశ్వరాయ నమః’ ఉంటాయి. ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైపు చలామణీ చేసిన మూడు స్వాముల వరహా మీద స్వామి, ఇద్దరు దేవేరులు ఉంటారు. రెండూ ఇక్కడివారు మక్కువ పడేవే, అందుకే నకిలీలూ వీటికే ఎక్కువ.

ఇక్కడ పెట్టుబడి అనే మాట పక్కన పెట్టండి. 3.4 గ్రాముల బంగారానికి మీరు ఎన్నో రెట్లు ఇస్తారు. ఆ డబ్బంతా రెండో ఖాతాదే. కొన్న వరహాను తిరిగి అమ్మాలంటే నగల దుకాణం తూకానికే కొంటుంది, వేలం సంస్థ తన కమీషన్ పట్టుకుంటుంది, డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది.

వందేళ్లు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం కిందకు వస్తాయి. దేశం దాటించకూడదు, అమెరికాలో ఉన్న కొడుక్కి పంపడం కూడా నేరమే. వాటితో వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. కాబట్టి లైసెన్సున్న వ్యాపారి లేదా వేలం సంస్థ దగ్గరే, నాణెం రెండు వైపుల ఫోటో, బరువు రాసిన బిల్లుతో కొనండి. ‘పాత నాణెం లక్షలకు కొంటాం, ముందు ఫీజు కట్టండి’ అనే ఫోన్లు మోసం. తన పేరు వాడుకుని ఇలా వసూళ్లు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

పొలం దున్నుతుంటే నాణేలు దొరికితే?

కలెక్టరుకు తెలపాలి. 1878 నిధి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికినవారు రాతపూర్వకంగా చెప్పకపోతే శిక్ష ఉంది. కరిగించి అమ్మడం అన్నిటికంటే పెద్ద తప్పు.

ఇంట్లోనే నాణెం పరీక్షించడం ఎలా?

0.01 గ్రాము చూపే చిన్న తక్కెడ, గ్లాసు నీళ్లు, సన్నని దారం చాలు. ముందు నాణెం పొడిగా తూచండి. తర్వాత గ్లాసును తక్కెడ మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. తక్కెడ చూపేది నాణెం తోసిన నీటి బరువు. పొడి బరువును దాంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 10 గ్రాముల 999 నాణేనికి 0.52 గ్రాములు చూపాలి, సాంద్రత 19.3. రాగి కలిసిన 22 క్యారెట్ల సవరన్‌కు 0.45 దగ్గర చూపాలి, సాంద్రత 17.6 చుట్టూ.

తప్పు ఎక్కడ వస్తుందంటే, నాణేనికి అంటుకున్న గాలి బుడగలు అంకెను పెంచుతాయి. ఒక చుక్క సబ్బు నీళ్లు కలిపి, నాణేన్ని మెల్లగా కదిపి బుడగలు వదిలించాలి. ఒక గ్రాము నాణేనికి ఈ పరీక్ష పనికిరాదు, 0.05 గ్రాముల దగ్గర తక్కెడ పొరపాటే ఎక్కువ. టంగ్‌స్టన్ సాంద్రత 19.25 కాబట్టి లోపల అది పెట్టి పైన బంగారం తాపడం చేస్తే నీళ్ల పరీక్ష పట్టదు, పైపొరనే చదివే క్యారెట్ మీటరూ పట్టదు. అనుమానం ఉంటే అల్ట్రాసోనిక్ పరీక్ష చేయించాలి. నమ్మకమైన చోట సీల్ చేసిన కార్డులో కొంటే ఈ గొడవ తక్కువ.

అమ్మితే పన్ను ఎంత?

2024 జూలై 23 నుంచి నాణేలు, నగలు 24 నెలలు దాటి అమ్మితే లాభం మీద 12.5 శాతం, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి చూపే వీలు) లేదు. అంతకు ముందే అమ్మితే లాభం మీ ఆదాయంలో కలిసి శ్లాబు ప్రకారం పన్ను. లిస్టయిన గోల్డ్ ఈటీఎఫ్‌కు ఈ గడువు 12 నెలలే. తాతగారి నాణెమైతే ఆయన కొన్న తేదీ నుంచే కాలం లెక్క; 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ రోజు విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు.

ఆదాయపు పన్ను సోదాల్లో వివాహితకు 500, అవివాహితకు 250, పురుషుడికి 100 గ్రాములు వదిలేస్తారన్న 1994 నాటి సూచన నగల గురించి చెప్పినది. నాణేలకూ అదే వర్తిస్తుందనుకుని బిల్లులు పారేయకండి.

మామిడి డబ్బు జూన్, జూలైలో ఒకేసారి వస్తుంది. అప్పుడే నాణేలు కొనేస్తే?

చిత్తూరు వైపు రైతులకు తోతాపురి ధర ఒక ఏడు ఉన్నట్టు ఇంకో ఏడు ఉండదు. అందుకని వచ్చిన డబ్బులోంచి ముందు వచ్చే పంట పెట్టుబడి, 12 నెలల ఇంటి ఖర్చు తీసి ఎఫ్‌డీలు వేయండి, ఒకటిగా కాకుండా మూడు నాలుగు ముక్కలుగా. ఉద్యోగులకు ఆరు నెలలన్నాం, రైతుకు పన్నెండు. మిగిలినదాంట్లో సగం ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల లిక్విడ్ ఫండ్‌లో వేసి, అక్కడి నుంచి నెలనెలా ఇండెక్స్ ఫండ్‌కు బదిలీ అయ్యేలా పెట్టవచ్చు. పదిహేను రోజులకోసారి వచ్చే పాల బిల్లు ఉన్నవారు చిన్న ఎస్ఐపీని దానికి ముడిపెడితే పంట పోయిన ఏడు కూడా ఆగదు. నాణేనికి వాటా పదిలో ఒకటి, మంచి ధర వచ్చిన ఏడు మాత్రమే.

అవసరమొస్తే నాణేల మీద లోన్ ఇస్తారు కదా?

నగల మీద ఇచ్చినంత సులువుగా ఇవ్వరు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఒక్కరికి 50 గ్రాముల నాణేల మీద వరకే, అదీ చాలా శాఖల్లో బ్యాంకులు అమ్మిన నాణేలకే. బిస్కెట్ల మీద అసలు ఇవ్వకూడదు. అత్యవసర నిధి బదులు నాణేలున్నాయి కదా అనుకునేవారు ఇది గమనించాలి.

అమ్మాయి పెళ్లికి ఇప్పటి నుంచే నాణేలు కూడబెడుతున్నాం. సరేనా?

అమ్మాయికి పదేళ్లలోపైతే ముందు సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. ఏడాదికి 250 నుంచి 1.5 లక్షల వరకు, 15 ఏళ్లు కట్టాలి. 2024 జనవరిలో వడ్డీ 8.2 శాతానికి పెంచారు, మూడు నెలలకోసారి కేంద్రం సవరించవచ్చు. 18 నిండాక చదువుకు సగం దాకా తీసుకోవచ్చు.

పెళ్లికి ఎన్ని గ్రాములు పెట్టాలో తెలిసినప్పుడు బంగారం కొంతైనా బంగారంగానే చేరడంలో అర్థం ఉంది. ధర పెరిగితే మీ అవసరమూ అంతే పెరుగుతుంది కాబట్టి. కావలసిన గ్రాముల్లో సగం ఈటీఎఫ్‌లో, పెళ్లికి రెండు మూడేళ్ల ముందు నుంచి కొంచెం కొంచెం నాణేలుగా మార్చుకోవచ్చు. అప్పటి ఫ్యాషన్ ఏదో ఇప్పుడు తెలియదు, ఇప్పుడే నగలు చేయించి పెట్టకండి.

బంగారం ఎప్పుడూ పెరిగేదే కదా, ఎస్ఐపీ ఎందుకు?

1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లు తాకిన బంగారం ఆ అంకెను మళ్లీ దాటింది 2008లో. 2011 సెప్టెంబరులో 1,900 దాటి, 2015 చివరికి 1,050 దగ్గరకు దిగింది. రూపాయి బలహీనపడటం వల్ల మనకు ఆ దెబ్బ అంతగా తెలియలేదు. 2025 ఏప్రిల్‌లో 10 గ్రాములు లక్ష తాకినప్పుడు ఎస్ఐపీలు ఆపి నాణేలు కొన్నవారు ఆ పాత అంకెలు ఒకసారి చూసుకోవాలి. ఏడాదికోసారి, ఉగాదికనుకోండి, మొత్తం లెక్క తీయండి. బంగారం 15 శాతం అనుకున్నది 22కు చేరితే కొత్త నాణేలు ఆపి ఆ డబ్బు ఫండ్‌కు మళ్లించండి. అమ్మక తప్పదంటే ఈటీఎఫ్ ముందు, నాణెం తర్వాత. ఈటీఎఫ్‌కు కోత తక్కువ.

ఎక్కడ దాచాలి?

నాణెం ఒకటీ రెండైతే లాకరు దండగ. లాకరు అద్దె 2,000, లోపల లక్ష విలువైన నాణేలుంటే ఏడాదికి 2 శాతం అక్కడే పోయినట్టు. దొంగతనం, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే, అంటే ఈ లాకరుకు 2 లక్షలు. వరద, పిడుగు లాంటివాటికి అదీ లేదు. కాబట్టి అంతకు మించిన విలువ ఉంటే లోపలి వస్తువులకు విడిగా బీమా తీసుకోండి.

పాత నాణేలను మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టకండి. కొన్నాళ్లకు ఆ ప్లాస్టిక్ జిగటగా మారి నాణేనికి ఆకుపచ్చ మరక పడుతుంది. అక్రిలిక్ డబ్బీలు, మైలార్ కవర్లు వాడాలి, నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తాలి.

నా తర్వాత ఇంట్లోవాళ్లకు ఇవి ఎలా తెలుస్తాయి?

ఒక నోటుపుస్తకం చాలు. ఒక్కో నాణేనికి ఒక్కో వరుస: పేరు, సంవత్సరం, బరువు, శుద్ధత, సీరియల్ నంబరు, కొన్న తేదీ, కొన్న ధర, అందులో బంగారం విలువ ఎంత, అదనం ఎంత, బిల్లు ఏ కవర్లో ఉంది, ఎవరికి అమ్మాలి. ఆఖరి గడి ముఖ్యం. ‘కార్డు నాణెం, ఏ దుకాణమైనా’ అని ఒకదానికి, ‘తూకానికి ఇవ్వొద్దు, వేలానికి పంపండి’ అని ఇంకోదానికి రాసి ఉంటే, 1918 బొంబాయి మొహరు దాని విలువ తెలియనివారి చేతిలో కరిగిపోదు. లాకరుకు, డీమ్యాట్‌కు, పీపీఎఫ్‌కు నామినీ పేరు వేయించి ఆ వివరం కూడా అదే పుస్తకంలో రాయండి. పుస్తకాన్ని మాత్రం నాణేలున్న బీరువాలో పెట్టకండి.